బిషపు అజరయ్యగారి జీవితము: పరులకొఱకు ప్రార్థించుట నేర్చిన విధము

సికింద్రాబాదు రైలుస్టేషనునకు దాపున నున్న చిలకలగూడ వాసులకు బండికూత నిత్యపరిచితము. వేకువజామున ఉపాసనకై కూర్చుండినవారి చెవులకును, రాత్రి దీపమార్పి పరుండబోవువారి చెవులకును అది సోకుచునే యుండును. 1874 వ సంవత్సరమున వాడినుండి సికింద్రాబాదు చేరిన యినుపదారి 1889 నాటికి ఓరుగల్లు మీదుగా బెజవాడ వఱకు సాగెను. ఆ దారిని పోవు బండి ఓరుగల్లు దాటి, మానుకోట దాటి, డోర్నకలు అను కూడలిని చేరును. అచ్చటినుండి బొగ్గుగనుల వైపు ఒక శాఖ చీలిపోవును. బెజవాడకు, రాజమహేంద్రవరమునకు పోవు మనవారిలో పలువురు ఆ స్టేషనును నిద్రలోనే దాటిపోవుదురు. మెలకువగా నున్నవారును ఆ యూరి పేరు చదివి మఱల కన్నులు మూసికొందురు. పరదేశమునుండి వచ్చిన ఒకరు మాత్రము అచ్చట దిగి, ముప్పదియైదు సంవత్సరములు అచ్చటనే నివసించి, కడకు ఆ మన్నులోనే కలసిరి. ఆయనయే బిషపు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు.

ఆయన క్రైస్తవులు. ఈ చిన్న పొత్తమును చదువువారిలో అనేకులు క్రైస్తవులు కారు. అయినను పరులకొఱకు ప్రార్థించుట యెట్లు అను ప్రశ్న ఒక మతమువారిది మాత్రమే కాదు. ఏకేశ్వరుని సన్నిధిని కూర్చుండు ప్రతివానికిని అది యెదురగును. మనకు రోగము వచ్చినపుడు, మన బిడ్డకు కష్టము కలిగినపుడు ప్రార్థన తనంతట తానే పుట్టును. దానిని ఎవరును నేర్పనక్కఱ లేదు. మనము ఎఱుగనివాని ఆకలికై, మన గడప తొక్కనివాని అవమానమునకై హృదయము ద్రవించి ప్రార్థించుట మాత్రము నేర్చుకొనవలసిన విద్య. క్రైస్తవులు దానిని విజ్ఞాపన మందురు. అజరయ్యగారు ఆ విద్యను ఒక్క దినమున నేర్చినవారు కారు. పడుచు, లేచుచు, సిగ్గుపడుచు, దేశములు తిరుగుచు నేర్చిరి. అందువలననే ఆయన చరిత్రము మనకు పనికివచ్చును.

యేసుక్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో నేను, నాది అను మాటలు లేవు. అన్నము కోరునపుడును, అపరాధములకు క్షమాపణ వేడునపుడును భక్తుడు మాకు అనియే వేడవలెను. మన తెలుగుభాషలో మన యనునది ఎదుటివానిని కలుపుకొనును. మా యనునది ఎదుటివానిని విడిచి చెప్పును. అజరయ్యగారి మాతృభాషయగు తమిళమునను ఇట్టి భేదమే కలదు. భగవంతునితో మాటలాడునపుడు మా యనక తప్పదు. కాని ఆ మా లో ఎవరెవరు చేరుదురు? ఆలుబిడ్డలా? కులమువారా? వీధివారా? ఊరి వెలుపలి వాడలోనివారు కూడనా? ప్రార్థించువాని నోట మాట ఒక్కటియే. దాని వైశాల్యము మాత్రము వాని హృదయమును బట్టి యుండును. ఆ ఒక్క మాట ఒక మనుష్యుని హృదయమున క్రమక్రమముగా ఎట్లు విస్తరించెనో చూపుటయే ఈ జీవితకథ యొక్క ప్రయోజనము.

ఇనుపదారి సికింద్రాబాదు చేరిన సంవత్సరముననే, అనగా 1874 ఆగష్టు 17 వ తేదీని, దక్షిణదేశపు కొసనున్న తిరునెల్వేలి జిల్లాలో వెళ్లాలన్‌విళై యను కుగ్రామమున అజరయ్యగారు జన్మించిరి. తండ్రి తామసు వేదనాయకముగారు ఆంగ్లికను సంఘమునకు చేరిన గ్రామగురువు. తల్లి ఎల్లెనుగారు. శిశువునకు శామ్యూలని పేరిడిరి. బైబిలులో హన్నా యను సాధ్వి బిడ్డలు లేక ఆలయమున కన్నీటితో మొఱపెట్టుకొని, కలిగిన కుమారునకు ఆ పేరే పెట్టి, తిరిగి వానిని భగవత్సేవకు సమర్పించినట్లున్నది. తనకొఱకు మొదలైన ఆ ప్రార్థన లోకముకొఱకైన దానముతో ముగిసెను. ఈ పేరు పెట్టుకొన్నవాని జీవితము ఆ త్రోవనే నడచుట గమనింపదగినది.

ఆయన పుట్టిన నాడారు కులమును గూర్చి కొంచెము చెప్పవలెను. తాటిచెట్లెక్కి బ్రదుకు గడపువారు ఆ కులమున అధికముగా నుండిరి. అగ్రకులములవారు వారిని ఆలయములకు రానీయక, పెక్కు విధముల అవమానించిరి. కముది యను చోట ఆలయప్రవేశమునకై వారు నడిపిన వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు వఱకు పోగా, 1908 లో అచ్చట కూడ వారు ఓడిపోయిరి. అట్టి కులమున పుట్టినవాడు ఇతరుల అవమానమును ఎఱుగకుండునా యని మనము తలంపవచ్చును. కాని లోకమున తఱచుగా జరుగునది వేఱు. ఒక మెట్టు పైకెక్కినవాడు తాను విడిచిన క్రింది మెట్టును చూడనొల్లడు. తిరునెల్వేలి క్రైస్తవులు చదువుకొని, ఉద్యోగములు, వర్తకములు చేసి వృద్ధిలోనికి వచ్చిరి. కులాభిమానము మాత్రము మతము మాఱినను వారిలో పలువురను వదలలేదు. వారి మందిరములు నిండుచుండెను, వారి కీర్తనలు మధురముగానే యుండెను. వారి మా యను మాట మాత్రము వారి తాటితోపుల యెల్ల దాటలేదు.

బాలుడగు అజరయ్య మెజ్ఞానపురమునను, తిరునెల్వేలిలోను చదివి, పిమ్మట చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాలలో చేరెను. ఆ కాలమున అచ్చటి ప్రధానాచార్యులు డాక్టరు విలియము మిల్లరుగారు. మన రఘుపతి వెంకటరత్నము నాయుడుగారికిని గురుస్థానీయులైనవారు ఆయనయే. పరీక్షాసమయమున అజరయ్యగారికి జబ్బుచేసెను. పట్టము చేతికి రాకయే కళాశాల విడువవలసి వచ్చెను. 1895 లో వై.యం.సి.ఏ. యను క్రైస్తవ యువజన సంఘమున కార్యదర్శిగా ప్రవేశించి, 1909 వఱకు దక్షిణదేశమంతయు తిరిగి యువకులకు బోధించుచుండిరి. అమెరికాదేశీయుడగు షెర్వుడు ఎడ్డీగారు ఈ పనిలో ఆయనకు ప్రాణస్నేహితులైరి. తెల్లవానికిని నల్లవానికిని నడుమ సమానమైన చెలిమి సాధ్యమే యని ఆయన ఎఱిగినది ఈ స్నేహమువలననే. చెలిమి రుచి ఎఱిగినవాడు గనుకనే తరువాతి కాలమున దాని లేమిని గూర్చి అంత నిర్భయముగా మాటలాడగలిగెను.

1898 లో ఆయన అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. అన్బు అనగా తమిళమున ప్రేమ. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకతె. వివాహము కట్నములు లేక, ఆడంబరము లేక, స్వల్పవ్యయముతో జరిగెను. ఇప్పటికిని మన యిండ్లలో వివాహమనగా అప్పుల పత్రములు వ్రాయువారు గలరు గనుక ఈ సంగతి చెప్పితిమి. తరువాత డోర్నకలు గ్రామములలో భర్తతోకూడ బండి ప్రయాణములు చేసి, స్త్రీల నడుమ కూర్చుండి వారి కష్టసుఖములు వినుటలో ఆమె చేసిన సేవ మఱవరానిది.

1902 లో ఒక సంఘటన జరిగెను. అజరయ్యగారు యువజన సంఘ కార్యార్థమై సింహళద్వీపమున యాళ్పాణమునకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు సంఖ్యలో తక్కువవారైనను, తమలో తాము ద్రవ్యము పోగుచేసి, తమవారినే ఇతర స్థలములకు సేవకై పంపుచుండిరి. తిరునెల్వేలి సంఘము దానికంటె ఎంతో పెద్దది, పాతది. ఐనను అది అన్యదేశపు మిషనరీల ధనమును, సేవను పుచ్చుకొనుటయే గాని, తాను ఒకరికి ఇచ్చిన దినము లేదు. ఈ భేదము ఆయన గుండెలో ముల్లువలె నాటెను. ఏకాంతమున ఒక చెట్టుక్రింద మోకరించి దీర్ఘముగా ప్రార్థించిరి. ఆ ప్రార్థన మొదట ఇతరులను గూర్చినది కాదు. తన ప్రార్థనయొక్క ఇరుకుతనమును గూర్చిన పశ్చాత్తాపమే యది.

పరులకొఱకు ప్రార్థించుట నేర్చువానికి ఇదియే మొదటి పాఠమని తోచుచున్నది. మనము ఎవరిని మఱచితిమో తెలిసికొనుటకు ముందు, మఱచితిమను సంగతి తెలియవలెను. సాయంకాలమున కన్నులు మూసి లోకాస్సమస్తాః అనుట సులభము. లోకమంతయు అన్నపుడు ఒక్క మనుష్యుని ముఖమైనను మనస్సునకు రాకున్నచో, ఆ మాట ప్రార్థన కాదు, అలవాటు. యాళ్పాణమున అజరయ్యగారు తన అలవాటును చూచి సిగ్గుపడిరి. ఆ సిగ్గు వ్యర్థము కాలేదు. మరుసటి సంవత్సరమున, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియను మిషనరీ సంఘము ఏర్పడెను. దానికి ధనమంతయు దేశీయులదే, పంపబడువారును దేశీయులే. 1905 డిసెంబరు 25 వ తేదీని వంగదేశమున శ్రీరామపురమందు జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడినపుడును అజరయ్యగారు ముఖ్యులుగా నుండిరి.

తిరునెల్వేలి సంఘము తన సేవకు ఎన్నుకొన్న చోటు నైజాము రాజ్యములోని డోర్నకలు ప్రాంతము. అచ్చటి ప్రజల భాష తెలుగు. వాతావరణము వేఱు, తిండి వేఱు, దొరతనము వేఱు. ఆ కాలమున తెలంగాణ గ్రామములలో మాలమాదిగల స్థితి చదువరులకు తెలియనిది కాదు. దొరల యిండ్లలో వెట్టిచాకిరి, తరతరములు తీరని అప్పు, ఊరి బావి తాకరాదను నిషేధము, బడి గడప ఎక్కరాదను కట్టుబాటు వారిని నలువైపుల బిగించి యుండెను. అజరయ్యగారు సంఘకార్యదర్శిగా ఈ పల్లెలకు మనుష్యులను పంపుచు, చందాలు పోగుచేయుచు, వారికొఱకు సభలలో ప్రార్థించుచుండిరి. ఇంతవఱకు చేయువారు లోకమున కొందఱు గలరు. మంచివారే వారు. కాని ఇతరులను పొండని చెప్పుచు తాను చెన్నపట్టణమున నిలిచియుండుట ఆయన అంతరాత్మకు నిలుకడ నీయలేదు. నిత్యము ఎవరికొఱకు ప్రార్థించుచున్నామో వారియొద్దకు పోవలసిన పిలుపు ఆ ప్రార్థనలోనే యుండునని ఆయనకు అనుభవమయ్యెను. 1909 లో యువజన సంఘపు ఉద్యోగము విడిచి, గురుదీక్ష పొంది, భార్యాబిడ్డలతో డోర్నకలు చేరిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు.

వచ్చిన వెంటనే ఆయన చేయవలసిన పని తెలుగు నేర్చుకొనుట. వేలకొలది జనుల సభలలో ఇంగ్లీషున, తమిళమున ఉపన్యసించి మెప్పువడసిన ఆయన, ఇప్పుడు పల్లెటూరి బిడ్డవలె అక్షరములు దిద్దవలసి వచ్చెను. తమిళమునకు తెలుగు చుట్టమే గాని, చుట్టరికము కొన్ని చోట్ల త్రోవ తప్పించును. పెద్దవాడు తప్పులు మాటలాడునపుడు నిరక్షరాస్యుడగు కూలివాడు నవ్వును. ఆ నవ్వును ఓర్చుకొనవలెను. ఈ విద్యాభ్యాసము ప్రార్థనకు సంబంధింపనిదని యెవరైన అనుకొందురేని పొరపాటు. దుఃఖమునకు ప్రతి భాషలోను తనదైన పేరు గలదు. ఆకలి యనుటకును, కడుపు కాలుచున్నదనుటకును భేదమున్నది. అప్పులవాని మాట వినుటకు పొలములో పనిచేయువాని తెలుగు కావలెను గాని పుస్తకముల తెలుగు చాలదు. ఒకని బాధను వాని మాటలలో వినకయే దానిని మన మాటలలో భగవంతునికి విన్నవించినచో, మనము విన్నవించునది మన ఊహనే గాని వాని బాధను కాదు.

1910 జూనులో స్కాట్లండుదేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పాశ్చాత్య సంఘములనుండి వచ్చిన ప్రతినిధులు పండ్రెండు వందలు. ఆసియానుండి వచ్చినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. అజరయ్యగారు లేచి, తెల్ల మిషనరీలకును దేశీయ సేవకులకును గల సంబంధమును గూర్చి మాటలాడిరి. మిషనరీల త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. వారు తమ ఆస్తులను బీదలకు పంచిరనియు, తమ శరీరములను సయితము అర్పించిరనియు ఒప్పుకొనిరి. కాని ఏండ్ల తరబడి ఒకేచోట పనిచేయుచున్నను ఇద్దఱకును ఇండ్లకు రాకపోకలు లేవని, కలసి భుజించుట అరుదని, యజమానికిని కూలివానికిని గల దూరమే మిగిలినదని చెప్పిరి. దాతలను, అధికారులను కాక స్నేహితులను దయచేయుడని వేడి తన మాటలు ముగించిరి. సభలో కొందఱికి ఆగ్రహము కలిగెను. కొందఱు తలలు వంచుకొనిరి. ఆ యుపన్యాసము నేటికిని లోకమంతట స్మరింపబడుచున్నది.

ఈ మాటలు తెల్లవారిని మందలించుటకు చెప్పినవని విని సంతోషించి ఊరకుండుట మనకు తగదు. దయకును స్నేహమునకును గల భేదమును ఆయన చూపిరి. దయ చూపువాడు పై మెట్టున నిలిచి చేయి సాచును. స్నేహితుడు ప్రక్కన కూర్చుండును. పైనుండి చేయు ప్రార్థనలో పాపము, బీదవాడు అను జాలి యుండును. ఆ జాలిలో తాను అట్టివాడు కాననెడి తృప్తియు దాగియుండును. ప్రక్కన కూర్చుండి చేయు ప్రార్థనలో ఇద్దఱ అక్కఱయు ఒక్కటిగా వినబడును. ఎడింబరోలో తెల్లవారిని స్నేహము వేడిన ఆయన తిరిగి డోర్నకలు వచ్చినపుడు, ఆ ప్రశ్ననే మాలమాదిగల వాడలలో తన్ను తాను అడుగుకొనవలసి వచ్చెను. తమిళదేశమునుండి వచ్చిన చదువరి వారికి దొరయా? స్నేహితుడా?

1912 డిసెంబరు 29 వ తేదీని కలకత్తాలోని సెయింటు పాల్సు ప్రధానదేవాలయమున ఆయనకు బిషపు పదవి నొసంగిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయులు ఆయనయే. ఇందుకు చెన్నపట్టణపు బిషపు హెన్రీ వైట్‌హెడ్డుగారు మిక్కిలి పాటుపడిరి. ఒక భారతీయుని అధికారమునకు ఇంగ్లీషువారు లోబడుదురా యని సందేహించినవారు తెల్లవారిలోనే గాక దేశీయులలో కూడ నుండిరి. అందువలన మొదట చిన్న అధ్యక్షమండలమునే ఆయనకు అప్పగించిరి. క్రమముగా కృష్ణామండలము, కర్నూలు ప్రాంతములును అందు చేరగా, అది మన తెలుగుదేశమున మిక్కిలి విశాలమైన మండలములలో నొకటియయ్యెను. సందేహించినవారు ఎదిరించుట మానిరి. ఇంగ్లీషు గురువులు ఆయన క్రింద పనిచేసిరి. 1920 లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టము నొసంగెను. పట్టము లేక కళాశాల విడిచిన విద్యార్థి కథ ఇట్లు తిరిగెను.

గౌరవములకంటె ఆయన దినచర్యయే మనకు ముఖ్యము. సంవత్సరములో పెక్కు మాసములు ఎడ్లబండి మీదను, సైకిలు మీదను గ్రామములు తిరుగుచుండిరి. వాడలోనివారు పొద్దుగూకువఱకు పొలములలో నుందురు గనుక, కూటము జరుగవలసినది రాత్రియే. లాంతరు వెలుగులో, వేపచెట్టు క్రింద, పసిబిడ్డలు తల్లుల ఒడిలో నిద్రించుచుండగా, బిషపుగారు వారితో కూర్చుండి బోధించెడివారు. తెలుగు కీర్తనలను, భజనలను, హరికథల పోలికనున్న కథాకాలక్షేపములను ఆరాధనలో ఆదరించిరి. ఇంగ్లీషు రాగములు వారి కంఠములకు పట్టవని ఎఱిగి, వారి దుఃఖము వారి రాగముననే భగవంతుని చేరవలెనని కోరిరి.

ఇంకను గొప్ప సంగతి యొకటి గలదు. తాను ఎవరికొఱకు ప్రార్థించుచుండెనో వారు ఎల్లప్పుడును పుచ్చుకొనువారుగా నిలిచిపోవుట ఆయనకు ఇష్టము లేదు. నూతనముగా సంఘమున చేరినవానిని తన తలపై తన చేయి నుంచుకొని, సువార్తను ప్రకటింపకున్నచో తనకు శ్రమయని అర్థము వచ్చు వాక్యమును పలుకుమనెడివారు. సంవత్సరమున కొకమాఱు సాక్ష్యవారమని యేర్పఱచి, సామాన్య జనులే పొరుగు గ్రామములకు పోవునట్లు చేసిరి. ఎసరు పెట్టునపుడు గృహిణి పిడికెడు బియ్యము తీసి వేఱుగా నుంచి సంఘమునకు తెచ్చెడిది. కోతల పండుగకు ధాన్యము, కోళ్లు, కూరగాయలు మందిరము ముందర పేర్చబడుచుండెను. దానము చేయుట క్రైస్తవధర్మమని ఆయన వ్రాసిన గ్రంథము అనేక భాషలలోనికి పోయెను. కటిక బీదలనుండి బియ్యము పుచ్చుకొనుట క్రూరమని తోచవచ్చును. కాని తనకు తిండి లేకున్నను మఱియొకని తిండికై పిడికెడు తీసిన స్త్రీ, ఆ క్షణమున భిక్షుకురాలు కాదు, దాత్రి. ఆమె ప్రార్థనలోను మా యను మాట విస్తరించెను. పరులకొఱకైన ప్రార్థన పరులను కూడ పరులకొఱకు ప్రార్థించువారినిగా చేసిననే పూర్ణమగును.

ఆయన పని వివాదములేక సాగెనని చెప్పిన సత్యము కాదు. 1935 అక్టోబరున యేవలాలో డాక్టరు అంబేద్కరుగారు తాము హిందూమతమును విడువనున్నట్లు ప్రకటించిన పిమ్మట, అణగద్రొక్కబడిన జాతుల మతాంతరమును గూర్చి దేశమున తీవ్రమైన చర్చ పుట్టెను. బీదలను మతము మార్చుట తగదని మహాత్మాగాంధిగారు గట్టిగా ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ డోర్నకలు పనికిని తగిలెను. బీదవాడైనంత మాత్రమున తన ఆత్మకు ఏది మేలో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము లేనివాడు కాడని అజరయ్యగారి తలంపు. ఈ వ్యాజ్యమున తీర్పు చెప్పుట ఈ పొత్తమునకు ఉద్దేశము కాదు. రెండు పక్షముల వారును అస్పృశ్యతను పాపముగానే యెంచిరి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు కూడదని అజరయ్యగారు వాదించుటయు గమనింపదగినది. తన సంఘమునకు రాజకీయ లాభము కోరక, దేశమంతటితో కలసి నిలువవలెనని ఆయన కోరిక. ఆయన మా లో ఇప్పుడు దేశము చేరెను.

క్రైస్తవులలో క్రైస్తవులకు గల చీలికలును ఆయనను బాధించెను. 1919 లో తరంగంబాడిలో మొదలైన సంఘైక్య ప్రయత్నమునకు ఆయన ముఖ్య నాయకులు. 1927 లో స్విట్జర్లండుదేశపు లోజానునగర సభలో, పడమటి దేశములకు చీలికలు బలహీనత మాత్రమే కావచ్చునుగాని ఇండియావంటి దేశములలో అవి పాపమని చెప్పిరి. మాలవాడవారిది ఒక మిషను, మాదిగవాడవారిది ఇంకొక మిషను అయినచో, పాత గోడలకు క్రొత్త సున్నము కొట్టినట్లేకదా!

డోర్నకలులో ఆయన కట్టించిన ప్రధానదేవాలయము 1939 జనవరి 6 వ తేదీని ప్రతిష్ఠింపబడెను. దాని నిర్మాణమునకు సుమారు పాతికేండ్లు పట్టెను. గుమ్మటములు మసీదులను, స్తంభములు దక్షిణదేశపు కోవెలలను తలపించును. స్తంభములపై తామరలు, అరటిపువ్వులు చెక్కబడినవి. నైజాము రాజ్యములోని హిందువును, మహమ్మదీయుడును తమదికాని పరాయి కట్టడముగా దానిని చూడరాదని ఆయన ఆశ. ఆ నాటికి అధ్యక్షమండలమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలకు మించి యుండెను. కాని ఆయనను ఎఱిగినవారు సంఖ్యలను కాక, చీకటిలో బండి దిగి వాడలోనికి నడచిపోవు ఆయన రూపమునే జ్ఞాపకముంచుకొనిరి.

1944 డిసెంబరులో సయితము ఆయన గ్రామసంచారము మానలేదు. తిరిగి వచ్చిన పిమ్మట జ్వరము తగిలెను. 1945 జనవరి 1 వ తేదీని డోర్నకలులోనే పరమపదించిరి. ప్రధానదేవాలయపు ఆవరణముననే ఆయన దేహము ఖననము చేయబడెను. తాను కోరిన ఐక్యమును ఆయన కన్నులార చూడలేదు. 1947 సెప్టెంబరు 27 వ తేదీని దక్షిణ ఇండియా సంఘము ఏర్పడునప్పటికి ఆయన పోయి రెండేండ్లు దాటెను. ప్రార్థించినవాడే ఫలమును చూడవలెనను నియమము లేదు.

సోదర సోదరీమణులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినదేమి? మనమందఱమును ఉద్యోగములు విడిచి పరదేశములకు పోవలెనని కాదు. చిలకలగూడకు డోర్నకలు దూరమే గాని, ఆకలి, అప్పు, అవమానము దూరము కావు. స్టేషనులో మన మూటలు మోయువాడును, మనము నిద్రలేవక ముందే మన వీధి నూడ్చునామెయు, మన యింట పాత్రలు తోము తల్లియు మనకు నిత్యము కనబడువారే. వారిలో ఒకరి పేరు మనకు తెలియునా? ఆమె బిడ్డకు జబ్బని విన్నపుడు నాలుగు రూపాయలు చేతబెట్టి పంపితిమా, లేక ఆ బిడ్డ పేరడిగి, మరునాడు ఎట్లున్నదని విచారించితిమా? పేరు తెలియనివానికొఱకు చేయు ప్రార్థన చిరునామా లేని ఉత్తరము వంటిది. భగవంతునికి చిరునామా తెలియును, నిజమే, తెలియవలసినది మనకు.

కావున ఈ రాత్రి ఉపాసనవేళ లోకమంతటిని గూర్చి ప్రార్థించుటకు ముందు ఒక్కరిని తలంపునకు తెచ్చికొందము. వారి మాటలలోనే వారి కష్టమును విన్నామా యని మనస్సాక్షిని అడుగుదము. వినకున్నచో, రేపు పోయి విందము. మనము వేడినదానిలో మనము చేయగలిగినది ఏదైన యున్నచో, దానిని భగవంతునికి విడిచిపెట్టి తప్పించుకొనకుందము. అన్నిటికంటె కష్టమైనది కడపటిది: మాకొఱకు నీవును ప్రార్థింపుమని వారిని అడుగుటకు మనకు నోరు వచ్చునా? ఆ మాట అడుగగలిగిన దినమున మనము దాతలము కాము, స్నేహితులము. ఎడింబరోలో అజరయ్యగారు వేడినది దానినే.

నడిరేయి బండి కూసినపుడు చిలకలగూడలో మెలకువగా నున్నవారు ఒక్క నిమిషము ఆలోచింతురుగాక. ఆ బండి తెల్లవారకముందే డోర్నకలు దాటును. అందులో ఇంజను నడుపువాడు, జెండా యూపువాడు, నేలపై పరుండిన కూలివాడు, పుట్టింటికి పోవు బాలెంత కలరు. వారెవరును మనలను ఎఱుగరు. మన మా లో వారికి చోటు కలదా?